పైపు మాస్టారి పంటిగాట్లు

ఒకాయన ఏళ్ళ తరబడి నోట్లో నానబెట్టిన పైపుని ఇంకొకాయన ముచ్చటపడి నోట్లో పెట్టుకునేలా చేయడం నా వృత్తి. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. మా పెళ్ళి కుదిరిన రోజున మారిన మా మామగారి మొహం ఇప్పటికీ మామూలు స్థితికి రాలేదు.

గడియారాల దుకాణం పక్కన మెట్ల కింద ఉన్న గది నాది. నిలబడితే తల తగులుతుంది కాబట్టి వచ్చినవాళ్ళంతా వంగి నమస్కారం పెడుతున్నట్టే లోపలికి వస్తారు. ఆ ఒక్క గౌరవం కోసమే గది మారలేదని మా ఆవిడ అంటుంది. బల్ల మీద గోకుడు కత్తులు, ఉప్పుకాగితాలు, స్పిరిట్ సీసా, మైనం ముద్ద, తీగకు నూలు చుట్టిన పుల్లల కట్ట. వాసన సంగతి చెప్పను. గడియారాలాయన మా ఇద్దరి గదులకూ మధ్య ఉన్న కిటికీని మేకులు కొట్టి మూసేశాడు. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

పైపు తాగే పెద్దమనుషులు బూట్లకు రోజూ పాలిష్ పెట్టిస్తారు గానీ నోట్లో పెట్టుకునే వస్తువును మాత్రం కొన్ననాటి నుంచీ కడగరు. పైపుకు పొగాకు నింపే గిన్నె లోపల మసి పొర మీద పొర పేరుకుని చివరికి చిటికెడు పొగాకు కూడా పట్టదు. ఆ పొరను గోకాలి. గిన్నెలో ఉప్పు నింపి స్పిరిట్ పోసి వదిలేస్తే తెల్లటి ఉప్పు పాత జిగురునంతా పీల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. పని పూర్తయ్యాక లోపలి నుంచి తీసిన సరుకంతా కాగితంలో పొట్లం కట్టి పైపుతో పాటు చేతికిస్తాను. "ఇదేంటండీ?" అంటారు. "ఇన్నాళ్ళూ మీరు పీల్చింది" అంటాను. అప్పటిదాకా నా పనితనాన్ని ఆకాశానికెత్తినవాళ్ళు ఆ పొట్లాన్ని వేలి కొసలతో పట్టుకుని మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోతారు.

"మెచ్చుకుని వెళ్ళేవాళ్ళని కూడా చివర్లో ఏడిపించి పంపకపోతే మీకు అన్నం అరగదు కదా" అంటుంది మా ఆవిడ. నిజమే, అరగదు.

కానీ నాకు పేరు తెచ్చింది పొట్లాలు కాదు, పంటిగాట్లు. పైపు కాడ నల్లటి గట్టి రబ్బరుతో చేస్తారు. మనిషి దాన్ని కొరికి కొరికి గుంటలు పెడతాడు. ఆ రబ్బరుకు ఒక మంచి గుణం ఉంది. సన్నటి సెగ మీద ఓపిగ్గా తిప్పితే నొక్కుకుపోయిన చోటు తనంతట తానే పైకి ఉబ్బి, కొరకని నాటి రూపానికి వస్తుంది. మొండికేసిన గుంటలుంటే నల్ల జిగురు నింపి, అరగదీసి, మెరుగు పెడతాను. నా చేతి నుంచి వెళ్ళిన కాడ మీద ఒక్క గాటు చూపించండి, మీసం తీయించుకుంటాను. ఈ మాట పదిమందిలో చాలాసార్లు అన్నాను. మీసం ఇంకా ఉంది.

అలాంటి నా దగ్గరికి పైపు మాస్టారి పైపు వచ్చింది.

పైపు మాస్టారంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి, ఆ తర్వాత ఊళ్ళో ఏ కమిటీ వేసినా అందులో కుర్చీ వేయించుకున్న మేధావి. ఆయనను ఎవరైనా ఏదైనా అడిగితే పైపు నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, పైకప్పు వంక చూసేవారు. అడిగినవాడు కాసేపు ఎదురుచూసి, ఇంకాసేపు ఎదురుచూసి, తన ప్రశ్నలోనే ఏదో తెలివితక్కువతనం ఉందని గ్రహించి, క్షమాపణ చెప్పుకుని వెళ్ళేవాడు. ఆయన నలుగురిలో పైపు వెలిగించగా చూసినవాళ్ళు లేరు. అది ఆయన సంస్కారం అనేవాళ్ళు. గది తలుపులు వేసుకుని ఆలోచించేటప్పుడే వెలిగిస్తారట. ఆయన పోయినప్పుడు పత్రికల్లో ఆయన మౌనం గురించే పేజీలకు పేజీలు రాశారు, ఎందుకంటే మాట్లాడినవి ఏవీ ఎవరికీ గుర్తు రాలేదు.

పైపు తెచ్చింది ఆయన కొడుకు. స్మారక కమిటీకి కార్యదర్శి. ఆయన వేరే ఏం చేస్తారో నాకు తెలియదు. తండ్రికి కొడుకుగా ఉండటమే పూర్తికాలం ఉద్యోగంలా కనిపించేది.

"ఆదివారం గ్రంథాలయం ముందు నాన్నగారి విగ్రహం ఆవిష్కరణ. లోపల అద్దాల పెట్టెలో ఈ పైపు పెడుతున్నాం. తళతళలాడిపోవాలి" అన్నారు, వంగిన నడుము సర్దుకుంటూ.

"తళతళ నా పూచీ" అన్నాను.

"విగ్రహం నోట్లో పైపు నుంచి పొగ కూడా వస్తుంది, తెలుసా? నాటకాల వాళ్ళ దగ్గర యంత్రం తెప్పించాం. నేను మైకులో 'నాన్నగారి జీవితమంతా' అనగానే కరెంటు పనాయన స్విచ్చి నొక్కుతాడు."

"అద్భుతం సార్" అన్నాను. చచ్చినవాణ్ణి కూడా పొగ మాననివ్వని కొడుకు దొరకడం ఎంత అదృష్టం!

ఆయన వెళ్ళాక పైపు చేతిలోకి తీసుకున్నాను. బయట చెక్కంతా చేతి జిడ్డుతో నల్లబడి ఉంది. కాడ ఎండకూ ఎంగిలికీ పచ్చగా పాలిపోయింది. ఇక గాట్లా, నా అనుభవంలో అన్ని గాట్లు చూడలేదు. పైనా కిందా, గుంట మీద గుంట, ఎలక కొరికినట్టు. ఇంతలా కొరికిన మనిషి ఇంకెంత తాగి ఉంటాడో అనుకుంటూ గోకుడు కత్తి గిన్నెలోకి దించాను. కత్తికి ఏమీ తగల్లేదు.

దీపం దగ్గర పెట్టి చూశాను. మసి లేదు. పొర లేదు. చెక్క లోపల లేతగా, చెక్కిన నాటి రంగులోనే ఉంది. దానికి నిప్పంటే ఏమిటో తెలియదు. అడుగున మాత్రం తెల్లటి బంక ఏదో గట్టిపడి ఉంది. గోకి వాసన చూశాను. పిప్పరమెంటు.

కాడ పీకితే, గిన్నెలోకి దూరే చోట వదులు కాకుండా నీలం దారం చుట్టి ఉంది. దారం తీశాను, పిప్పరమెంటు తీశాను, రెండూ పొట్లం కట్టాను. అక్కడితో ఆగి ఆలోచించి ఉండాల్సింది. కానీ అన్ని గాట్లు ఎదురుగా కనిపిస్తుంటే నా చెయ్యి ఊరుకుంటుందా! సెగ మీద తిప్పాను, ఉబ్బించాను, నింపాను, అరగదీశాను, మైనం పెట్టి రుద్దాను. చివరికి కాడలో నా మొహం కనిపించింది. చాలా గర్వంగా ఉంది ఆ మొహం.

కార్యదర్శి వచ్చి పైపు చేతిలోకి తీసుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, గిన్నెలోకి తొంగి చూశారు.

"నాన్నగారి పైపు ఎక్కడయ్యా?"

"మీ చేతిలో ఉంది సార్."

"ఇది కొత్త పైపు."

"కాదండీ, పాతదే. అసలు సంగతేమిటంటే, దీన్ని ఎవరూ ఎప్పుడూ వెలిగించలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఎవరూ వెలిగించలేదా? మా నాన్నగారు జీవితాంతం తాగిన పైపయ్యా ఇది! మా చిన్నప్పుడు ఆయన గది గుమ్మం దాకా కూడా మమ్మల్ని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, లోపల పొగలో ఆలోచిస్తున్నారని! మసి లేదు, కనీసం ఆయన పళ్ళ గుర్తులన్నా లేవు. అసలుది దాచుకుని కొత్తది అంటగడతావా?"

చిర్రెత్తుకొచ్చింది. "సార్, లోపలి నుంచి తీసింది ఈ పొట్లంలో ఉంది, విప్పి చూడండి" అని ముందుకు చాపాను.

"నీ చెత్త నాకెందుకు?" అని పొట్లాన్ని చేత్తో నెట్టేశారు. పైపు బల్ల మీద పడేశారు. "ఆదివారం సభ మొదలయ్యేలోపు అసలు పైపు తెచ్చి ఇవ్వు. లేదంటే మైకులో నీ పేరు చెప్తాను, ఫలానావాడు దొంగ అని. ఆపైన పోలీసులు చూసుకుంటారు." ఆవేశంగా లేవబోయి మెట్టుకు తల కొట్టుకుని, అది కూడా నా కుట్రే అన్నట్టు చూసి వెళ్ళిపోయారు.

పైపు వంక చూస్తూ కూర్చుండిపోయాను. నిప్పు తగలని గిన్నె దానికి పుట్టుకతో వచ్చింది. దాన్ని నేనేం చేయలేను. ఈ పైపు పైపు మాస్టారిదే అని చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ఆ పంటిగాట్లు. వాటిని స్వయంగా నేనే, నా చేతులతోనే, ఆనవాలు లేకుండా తుడిచేశాను. నిజంగా దొంగతనం చేసినవాడు కూడా ఇంత శుభ్రంగా చేయడు. భయం వేసింది. ఈ పని తప్ప నాకేమీ రాదు. ఇంటి పెద్దల గుర్తులను నమ్మి నా చేతిలో పెట్టడం వల్లే ఈ పని నడుస్తోంది. దొంగ అన్న మాట ఒక్కసారి మైకులో వినబడితే ఇక ఆ మెట్ల కింద వంగేవాళ్ళు ఉండరు.

ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆవిడ అంతా విని, "ఆ పొట్లం ఉందిగా! సభలో అందరి ముందూ విప్పేయండి. పిప్పరమెంటు చూసి ఊరంతా నవ్వుతుంది, మీ పేరు నిలబడుతుంది" అంది. ఎన్నాళ్ళుగానో పొట్లాలను తిట్టిన మనిషి. "ముందు ఆయన భార్యని అడగండి. ఇంట్లో మనిషికి తెలియకుండా ఉంటుందా?"

మాస్టారి ఇల్లు ఇల్లులా లేదు, ఆయన ఫొటోల గిడ్డంగిలా ఉంది. గోడ నిండా ఆయనే. పైపుతో నిలబడి, పైపుతో కూర్చుని, పైపుతో రిబ్బను కత్తిరిస్తూ. అమ్మగారు కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. విషయమంతా చెప్పి పైపూ పొట్లమూ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ముందు పొట్లం విప్పారు. దారం పోగును వేలికి చుట్టుకున్నారు. "ఇది నా దారమే నాయనా. ఈ కిటికీ తెర కుట్టగా మిగిలింది. కాడ ఊడిపోతోందంటే నేనే చుట్టిచ్చాను." తర్వాత ఆ తెల్లటి బంకను చూసి నవ్వారు. "పిప్పరమెంటు. డాక్టరు చక్కెర మానమన్నాక కూడా మానలేదు. పొగ మానండి, పొగ మానండి అని ఊళ్ళో అందరూ చెప్పేవాళ్ళు పాపం."

"అసలు ఎప్పుడూ తాగలేదా అమ్మా?"

"ఒకసారి వెలిగించబోయారు. ఇంకా అంటుకోకుండానే ఒకటే దగ్గు. కానీ అంతకుముందే ఎవరో దాంతో ఫొటో తీశారు, అది పత్రికలో పడింది. ఇక వదల్లేకపోయారు. అదీగాక, ఆయనకు సులువుగా ఉండేది. ఎవరైనా ఏదైనా అడుగుతారు, జవాబు తెలీదు. పైపు నోట్లో పెట్టుకుంటే సరిపోయేది. ఇంట్లోనూ అంతే."

ఆవిడ పైపు చేతిలోకి తీసుకుని, కాడ మీద బొటనవేలితో మెల్లగా రాశారు. పైకీ కిందికీ, మళ్ళీ మళ్ళీ. నా పనితనానికి మురిసిపోతున్నారనుకున్నాను.

"ఇక్కడ గాట్లు ఉండాలే?"

"తీసేశానమ్మా! ఆనవాలు కూడా దొరకదు" అన్నాను ఛాతీ విరిచి.

"అలాగా" అన్నారు ఆవిడ.

"ఈ సంగతి మీ అబ్బాయిగారికి మీరొక్క మాట చెప్తే..."

"చెప్పాను. నీకు వయసు మీదపడి మతి పోయిందన్నాడు. వాడు ఆ పైపు చూసే పెరిగాడు, ఆ పైపు పట్టుకునే తిరుగుతున్నాడు. అది ఉత్తదని పదిమందిలో తెలిస్తే ఏమైపోతాడో!" దారమూ బంకా మళ్ళీ కాగితంలో పెట్టి, మడిచి, నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. విప్పాలో వద్దో నువ్వే చూసుకో. నీ పేరు నీకు ముఖ్యం కదా నాయనా."

ఇంతకంటే తిట్టి పంపినా బాగుండేది.

ఆదివారం గ్రంథాలయం ముందు కుర్చీలు వేశారు. తెర కప్పిన విగ్రహం, దాని వెనక పొగ యంత్రం, యంత్రం పక్కన స్విచ్చి మీద వేలు పెట్టుకుని కరెంటు పనాయన. ముందు వరసలో అమ్మగారు. నేనూ మా ఆవిడా చివరి వరసలో. పైపు సంచిలో ఉంది, పొట్లం చొక్కా జేబులో. జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు.

వచ్చినవాళ్ళంతా మాస్టారి మౌనం గురించి గంటల కొద్దీ మాట్లాడారు. చివరికి కార్యదర్శి మైకు అందుకుని నా వంక చూశారు. నేను అడ్డంగా తల ఊపాను.

"ఈ శుభ సమయంలో ఒక బాధాకరమైన విషయం చెప్పాలి. నాన్నగారి పైపు మన మధ్య లేదు. నమ్మి బాగుచేయమని ఇస్తే, దాన్ని కాజేసి కొత్తది చేతిలో పెట్టిన పెద్దమనిషి ఈ సభలోనే ఉన్నాడు!"

తలలన్నీ తిరిగాయి. నేను సంచిలోంచి పైపు తీసి పట్టుకుని లేచాను. "నేను దొంగను కాను! ఇదే ఆ పైపు, రుజువు నా జేబులో ఉంది!" అని అరిచాను. విసవిసా ముందుకు నడిచి పొట్లం తీశాను. మడత మీద వేలు పెట్టాను. ఎదురుగా అమ్మగారు కూర్చుని ఉన్నారు. నా వంక చూడటం లేదు, కొడుకు వంక చూస్తున్నారు. వేలు అక్కడే ఆగిపోయింది. జీవితంలో ఎందరికో వద్దన్నా వినకుండా పొట్లాలు చేతిలో పెట్టిన నాకు ఆ ఒక్క పొట్లం విప్పడానికి చెయ్యి రాలేదు.

"చూపించవేం? ఏదీ రుజువు?" అన్నారు కార్యదర్శి మైకులో.

అప్పుడు అమ్మగారు లేచారు. నా చేతిలోంచి పొట్లం తీసుకున్నారు, రెండో చేతిలోంచి పైపు తీసుకున్నారు, వేదిక ఎక్కి కొడుకు ముందున్న మైకును తన వైపు తిప్పుకున్నారు.

"ఇది ఆయన పైపే. ఈ దారం నేను చుట్టిందే. ఆయన ఎన్నడూ పొగ తాగలేదు, ఇందులో పిప్పరమెంటు పెట్టుకునేవారు. జవాబు తెలియనప్పుడు ఇది నోట్లో పెట్టుకునేవారు. ఈ అబ్బాయి దొంగ కాడు." అంతే. మైకు మళ్ళీ కొడుకు వైపు తిప్పి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

కార్యదర్శి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయ్యో పాపం అని నాకే అనిపించింది. ఆ జాలి ఎంతోసేపు ఉండనివ్వలేదు ఆయన.

గొంతు సవరించుకున్నారు. "విన్నారు కదా మిత్రులారా! చేతిలో పైపు ఉండి కూడా ఎన్నడూ వెలిగించని మహనీయుడు! ఎంత నిగ్రహం! పొగాకు మీద ఇంతకంటే గొప్ప మౌన పోరాటం ఉంటుందా? ఈ నిజాన్ని ఇన్నాళ్ళూ నా గుండెల్లో దాచుకున్నాను. పొగకు వ్యతిరేకంగా నాన్నగారి జీవితమంతా..."

కరెంటు పనాయన చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. స్విచ్చి నొక్కాడు. తెర జారింది. విగ్రహం నోట్లోంచి రైలింజనులా గుప్పుమని పొగ వచ్చింది. ముందు వరస పెద్దలంతా దగ్గుతూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారని అడిగితే వాళ్ళూ ఏదో ఒకటి నోట్లో పెట్టుకుని పైకప్పు వంక చూసేవాళ్ళు.

సభ అయ్యాక కార్యదర్శి నా భుజం మీద చెయ్యి వేశారు. క్షమాపణ కాబోలనుకున్నాను. "అద్దాల పెట్టెలో ఇది పెడితే మరీ కొత్తగా ఉందయ్యా, చూసేవాళ్ళు నమ్మరు. నీ దగ్గర బాగా వాడిన పైపు ఏదన్నా ఉంటే తెచ్చి పెట్టు. ఎవరిదైనా ఫర్వాలేదు. 'నాన్నగారు జయించిన పొగాకు' అని కింద రాయిస్తాను." దేనికి నన్ను దొంగన్నారో సరిగ్గా అదే పని ఇప్పుడు గౌరవంగా అప్పగించారు. చేయనన్నాను. ఎవరో చేసి ఉంటారు, ఎందుకంటే ఆ పెట్టెలో ఇప్పుడు ఒక నల్లటి పైపు ఉంది.

అసలు పైపు అమ్మగారి దగ్గరే ఉండిపోయింది. జనం పలచబడ్డాక గ్రంథాలయం మెట్ల మీద ఆవిడ కూర్చుని ఉంటే వెళ్ళి చేతులు జోడించాను. "నా పేరు నిలబెట్టారమ్మా" అన్నాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ పైపు కాడ నిమురుతూ, "ఒకటి అడుగుతాను, చెప్తావా నాయనా? ఆ గాట్లు మళ్ళీ రావా?" అన్నారు.

"రావమ్మా. ఇంకెవరన్నా కొరికితే వాళ్ళవి వస్తాయి గానీ..."

"అంతేలే." తల ఊపారు. "ఊళ్ళోవాళ్ళకంటే నేనడిగినప్పుడే ఎక్కువ కొరికేవారు. పెళ్ళయిన కొత్తలో అడిగాను, నన్ను ఇష్టపడే చేసుకున్నారా అని. మా మొదటి బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు అడిగాను, మీకు ఏడుపు రాదా అని. పోయే ముందు కూడా ఏదో అడిగాను. ఒక్కదానికీ నోరు విప్పలేదు. పైపు కొరుక్కుంటూ కూర్చునేవారు. పోయాక చేత్తో తడిమి చూసుకునేదాన్ని, ఈ గాటు దానికేమో, ఆ గాటు దీనికేమో అని."

ఆవిడ నన్నేమీ అనలేదు. పైపును కొంగులో చుట్టుకుని, "నీ పని మాత్రం చాలా బాగుందయ్యా" అని లేచి వెళ్ళిపోయారు.

నా చేతిలో పడ్డ కాడ మీద ఒక్క గాటు కూడా మిగలదని నాకు పేరు. ఆ పేరు పోకుండా కాపాడుకోవడానికే ఆ రోజు అక్కడికి వెళ్ళాను.